స్కూబా రెగ్యులేటర్‌ని ఇంట్లోనే సర్వీస్ చేసుకోవచ్చా? ముందు గేజ్ కొనండి, ఆ తర్వాతే స్పానర్

2022లో ఆపిల్ వాచ్ అల్ట్రా వచ్చినప్పుడు మన గాడ్జెట్ ప్రపంచంలో అందరూ ఒకే ఫీచర్ గురించి మాట్లాడుకున్నారు. దాన్ని చేతికి పెట్టుకుని 40 మీటర్ల లోతు దాకా స్కూబా డైవింగ్ చేయొచ్చు అని. స్క్రీన్ బ్రైట్‌నెస్ ఎంత, డెప్త్ సెన్సర్ ఎలా పనిచేస్తుంది, బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది అని పేజీలకు పేజీలు రాశారు. మంచిదే. కానీ నీళ్ల కింద ఆ వాచ్ ఆగిపోతే మీరు మెల్లగా పైకి వచ్చేస్తారు, అంతే. నోట్లో పెట్టుకున్న గాడ్జెట్ ఆగిపోతే కథ వేరేగా ఉంటుంది. దాంట్లో చిప్ లేదు, బ్యాటరీ లేదు, అప్‌డేట్ రాదు. ఇత్తడి, రబ్బరు, ఒక స్ప్రింగు. దాని పేరు రెగ్యులేటర్.

ఫోన్ బ్యాటరీ మార్చుకునేవాళ్లకి, ల్యాప్‌టాప్ విప్పి థర్మల్ పేస్ట్ వేసుకునేవాళ్లకి డైవింగ్ మొదలుపెట్టిన కొన్నాళ్లకే ఒక ప్రశ్న వస్తుంది. దీన్ని కూడా మనమే విప్పి సర్వీస్ చేసుకోవచ్చా? డైవర్ల మధ్య దీని మీద ఏళ్ల తరబడి గొడవ నడుస్తోంది. ఒక వర్గం "ప్రాణాలతో ఆటలొద్దు" అంటుంది. ఇంకో వర్గం "దాంట్లో ఏముందని, నాలుగు ఓ-రింగులే కదా" అంటుంది. నా ఉద్దేశంలో రెండు వర్గాలూ అసలు పాయింట్ వదిలేశాయి. ఎవరు విప్పారు అన్నది రెండో ప్రశ్న. విప్పి బిగించాక దేంతో కొలిచారు, ఎంత వచ్చింది అన్నది మొదటి ప్రశ్న. కొలవడం వచ్చినవాళ్లు తమ రెగ్యులేటర్ తాము సర్వీస్ చేసుకోవచ్చు. కొలవనివాళ్లు గోడ మీద ఎన్ని సర్టిఫికెట్లు తగిలించుకున్నా నా రెగ్యులేటర్ వాళ్ల చేతికి ఇవ్వను.

లోపల అసలేం జరుగుతుంది?

మన వంటింట్లో గ్యాస్ సిలిండర్ మీద ఉండే రెగ్యులేటర్ చేసే పనే ఇదీ చేస్తుంది. ఎక్కువ ప్రెషర్‌ని తక్కువకి దించుతుంది. తేడా అంకెల్లో ఉంది. నిండు స్కూబా సిలిండర్‌లో దాదాపు 200 బార్ ప్రెషర్ ఉంటుంది. కారు టైరులో గాలితో పోలిస్తే సుమారు 90 రెట్లు. దాన్ని నేరుగా నోట్లోకి వదలలేం కాబట్టి రెండు మెట్లలో దించుతారు.

సిలిండర్‌కి బిగించే భాగం ఫస్ట్ స్టేజ్. ఇది 200 బార్‌ని, చుట్టూ ఉన్న నీటి ప్రెషర్ కంటే 9 నుంచి 10 బార్ ఎక్కువ ఉండేంతవరకు తగ్గిస్తుంది. దీన్నే ఇంటర్మీడియట్ ప్రెషర్, షార్ట్‌గా ఐపీ అంటారు. నోట్లో పెట్టుకునే భాగం సెకండ్ స్టేజ్. మీరు గాలి పీల్చినప్పుడు మాత్రమే ఇది తెరుచుకుని, చుట్టూ నీటికి సమానమైన ప్రెషర్‌లో గాలి ఇస్తుంది. ఎలక్ట్రానిక్స్ భాషలో చెప్పాలంటే సిలిండర్ బ్యాటరీ ప్యాక్, ఫస్ట్ స్టేజ్ బక్ కన్వర్టర్, ఐపీ అనేది బోర్డు మీద రైల్ వోల్టేజ్. బోర్డు రిపేర్ చేసేవాడు మొదట మల్టీమీటర్‌తో రైల్ చూస్తాడు కదా. ఇక్కడ కూడా అంతే.

స్కూబాప్రో ఎంకే2 తీసుకోండి. ప్రపంచంలో ఎన్నో డైవ్ సెంటర్లు అద్దెకిచ్చే సెట్లలో కనిపించే సింపుల్ ఫస్ట్ స్టేజ్ ఇది. లోపల కదిలే భాగం ఒకటే, పిస్టన్. స్ప్రింగ్ దాన్ని వెనక్కి నెట్టి గాలి దారి తెరుస్తుంది. వచ్చిన గాలి పిస్టన్ మధ్యలో ఉన్న రంధ్రంలోంచి దాని తల వైపు చేరి, ప్రెషర్ సరిపడా పెరగ్గానే పిస్టన్‌ని మళ్లీ ముందుకు నొక్కి దారి మూసేస్తుంది. స్ప్రింగ్ ఉన్న గదిలోకి సముద్రపు నీరు వస్తుంది. లోతుకి వెళ్లేకొద్దీ ఆ నీటి ప్రెషర్ స్ప్రింగ్‌కి తోడవుతుంది కాబట్టి ఐపీ కూడా తనంతట తనే పెరుగుతుంది. సెన్సర్ లేదు, కోడ్ లేదు. 1943లో ఫ్రాన్స్‌లో జాక్వెస్ కూస్టో, ఎమిల్ గాన్యాన్ కలిసి ఆక్వాలంగ్ తయారుచేసినప్పటి నుంచి "పీల్చినప్పుడే, లోతుకి తగ్గట్టే గాలి" అన్న మూల ఆలోచన మారలేదు.

కాబట్టి "అది మనలాంటివాళ్లకి అర్థం కాని బ్రహ్మవిద్య" అన్న మాట నేను ఒప్పుకోను. ఫోన్ బోర్డు మీద చార్జింగ్ ఐసీ మార్చడం దీనికంటే చాలా కష్టం.

మరి పార్ట్స్ ఎందుకు అమ్మరు?

చాలా కంపెనీలు సర్వీస్ కిట్లని, అంటే ఓ-రింగులు, సీట్లు, ఫిల్టర్ ఉన్న ప్యాకెట్లని, ఆథరైజ్డ్ డీలర్లకే అమ్ముతాయి. సర్వీస్ మాన్యువల్ కూడా వాళ్లకే. మీరు కొన్న వస్తువు లోపల ఏ సైజు ఓ-రింగ్ ఉందో మీకు అధికారికంగా చెప్పరు. ఈ కథ మనకి కొత్తేమీ కాదు. ఫోన్ల విషయంలో ఇదే పోరాటం చూశాం. ఆపిల్ 2021 నవంబర్‌లో సెల్ఫ్ సర్వీస్ రిపేర్ ప్రకటించి, 2022 ఏప్రిల్‌లో అమెరికాలో మొదలుపెట్టింది. మన దేశంలో కూడా వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసి పోర్టల్ తెచ్చింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్స్ - ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు పెట్టుకుంది. డైవింగ్ గేర్ ఆ లిస్టులో లేదు.

డైవింగ్ కంపెనీల వాదనలో న్యాయం లేదని నేను అనను. ఫోన్ రిపేర్ చెడితే ఫోన్ పోతుంది. ఇది చెడితే మనిషి పోవచ్చు. డిజైన్‌లో లోపం బయటపడితే కొత్త పార్ట్ గురించిన బులెటిన్ ముందు ఆథరైజ్డ్ టెక్నీషియన్‌కే వెళ్తుంది, ఇంట్లో కూర్చున్న మీకు రాదు. కొన్ని మోడల్స్‌కి ప్రత్యేక టూల్స్ కావాలి. కోర్టు కేసుల భయం కూడా నిజమే.

ఇంకో పాయింట్ మనలో చాలామంది ఆలోచించరు. మీ రెగ్యులేటర్‌కి ఆక్టోపస్ అనే రెండో మౌత్‌పీస్ ఉంటుంది. అది మీ కోసం కాదు, గాలి అయిపోయిన మీ బడ్డీ కోసం. అంటే మీ ఇంటి సర్వీసింగ్ మీద పందెం కాసేది మీ ఒక్కరి ప్రాణమే కాదు. "నా వస్తువు, నా ఇష్టం" అన్న రైట్ టు రిపేర్ డైలాగ్ ఇక్కడ పూర్తిగా చెల్లదు. ఈ ఒక్క కారణం వల్లే నేను ఈ విషయాన్ని ఫోన్ బ్యాటరీతో సమానంగా చూడను.

అయితే ఈ వాదనంతా "జాగ్రత్తగా చేయాలి" అని చెప్తుంది. "షాపులో చేస్తేనే జాగ్రత్తగా చేసినట్టు" అని చెప్పదు. ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంది.

సర్టిఫికెట్ ఉన్నవాళ్ల చేతిలో ఓ-రింగ్ మిస్ కాదా?

1983 మే 5న ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ ఫ్లైట్ 855 మయామి నుంచి నస్సావుకి బయల్దేరింది. మూడు ఇంజన్లున్న ట్రైస్టార్ విమానం, లోపల 172 మంది. దారిలో మూడు ఇంజన్లలోనూ ఆయిల్ కారిపోయింది. కారణం? ముందు జరిగిన మెయింటెనెన్స్‌లో మూడు ఇంజన్ల చిప్ డిటెక్టర్లకీ ఓ-రింగులు వేయలేదు. చేసినవాళ్లు లైసెన్స్ ఉన్న మెకానిక్‌లు. బిగించాక లీక్ ఉందా అని ఇంజన్‌ని కొద్ది సెకన్లే తిప్పి చూశారు. లీక్ బయటపడ్డానికి ఆ టైమ్ చాలలేదు. సముద్రం మీద ఇంజన్లు ఆగిపోయాక, ముందుగా ఆపేసిన ఇంజన్‌నే మళ్లీ స్టార్ట్ చేసి, దాంతోనే మయామికి తిరిగొచ్చి దిగారు. అందరూ బతికారు.

ఈ సంఘటనలో నాకు రెండు పాఠాలు కనిపిస్తాయి. ఒకటి, చదువు, లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఓ-రింగ్ దానంతట అదే వచ్చి కూర్చోదు. రెండు, టెస్ట్ చేశాం అంటే సరిపోదు, లోపం బయటపడేంతసేపు టెస్ట్ చేయాలి.

దీనికంటే పాత ఉదాహరణ ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కోస్టల్ కమాండ్ విమానాల రిపేర్ లెక్కలని వాడింగ్టన్ అనే శాస్త్రవేత్త బృందం పరిశీలించింది. ప్రతి 50 గంటలకోసారి చేసే ఇన్‌స్పెక్షన్ అయిన వెంటనే అనుకోని రిపేర్లు పెరిగాయి, తర్వాత మెల్లగా తగ్గాయి, మళ్లీ ఇన్‌స్పెక్షన్ కాగానే పెరిగాయి. అంటే బాగా నడుస్తున్నదాన్ని విప్పి బిగించడమే కొన్ని లోపాలకి కారణమైంది. "ముట్టుకోకుండా ఉంటే బాగానే ఉండేది" అని మన మెకానిక్‌లు అనే మాటకి ఇది లెక్కలతో దొరికిన సాక్ష్యం.

రెగ్యులేటర్ల విషయంలో కూడా కాలంతో పాటు ఆలోచన మారుతోంది. ఒకప్పుడు ఏడాదికోసారి విప్పాల్సిందే అనేవాళ్లు. ఇప్పుడు స్కూబాప్రో లాంటి కంపెనీలు రెండేళ్లు లేదా 100 డైవ్‌లు అంటున్నాయి. కొన్ని బ్రాండ్లు ఇంకా ఎక్కువ గడువు ఇస్తున్నాయి. నా పద్ధతి దీనికి దగ్గరగానే ఉంటుంది. తరచుగా కొలవాలి, అరుదుగా విప్పాలి.

"సర్వీస్డ్, ఓకే" అంటే ఏంటి?

నేనుండేది హైదరాబాద్‌లో. చుట్టుపక్కల సముద్రం లేదు. డైవింగ్ అంటే వైజాగ్, నేత్రాణి, లేకపోతే అండమాన్. రెగ్యులేటర్ సర్వీస్ కావాలంటే వేరే ఊరికి కొరియర్ చేయాలి. ఒకసారి అలా పంపించాను. మూడు వారాల తర్వాత మెరిసిపోతూ తిరిగొచ్చింది, దారంతో కట్టిన చిన్న ట్యాగ్ మీద "సర్వీస్డ్, ఓకే" అని రాసి ఉంది. ఐపీ ఎంత? రాయలేదు. సెకండ్ స్టేజ్ ఎంత లాగితే తెరుచుకుంటోంది? రాయలేదు. ఏ పార్టులు మార్చారు? రాయలేదు.

తర్వాతి ట్రిప్‌లో నీళ్లలోకి దిగకముందే డైవ్ సెంటర్ సిలిండర్‌కి బిగించి నా గేజ్ పెట్టాను. 9.6 బార్ చూపించింది. బానే ఉంది. గేజ్ అలాగే ఉంచి టీ తాగి వచ్చేసరికి ముల్లు 11 దాటి ఇంకా పాకుతోంది. అంటే ఫస్ట్ స్టేజ్‌లో గాలి దారి పూర్తిగా మూసుకోవడం లేదు, సన్నగా లీక్ అవుతూనే ఉంది. ఆ రోజు అద్దె రెగ్యులేటర్‌తో డైవ్ చేశాను, నాది వెనక్కి పంపాను. ఆ షాపువాళ్లు మళ్లీ చేసి ఇచ్చారు, డబ్బులేమీ అడగలేదు. చెడ్డవాళ్లేం కాదు. కానీ ఆ ట్యాగ్ మీద రెండు నంబర్లు రాసే అలవాటు వాళ్లకి ఉండి ఉంటే, పది నిమిషాలు గేజ్ చూసి ఉండేవాళ్లు. లోపం వాళ్ల బల్ల మీదే బయటపడేది.

ఫోన్ రివ్యూలో ఎవరైనా "బ్యాటరీ బాగుంది" అని మాత్రమే రాస్తే మనం ఊరుకుంటామా? ఎన్ని గంటలు, ఏ టెస్ట్, ఎంత బ్రైట్‌నెస్ అని అడుగుతాం. ఊపిరి ఇచ్చే యంత్రానికి మాత్రం "ఓకే" అన్న మాట సరిపోతుందా?

స్పానర్ ముట్టుకోకుండా చేసే 5 టెస్టులు

ఇవి ప్రతి డైవరూ చేయాల్సినవి. విప్పే ఆలోచన అస్సలు లేనివాళ్లు కూడా.

1. వాక్యూమ్ టెస్ట్. సిలిండర్ లేకుండా, ఫస్ట్ స్టేజ్‌కి డస్ట్ క్యాప్ బిగించి, మౌత్‌పీస్‌లోంచి మెల్లగా గాలి పీల్చండి. ఏమీ రాకూడదు, కొన్ని సెకన్లు పట్టి ఉంచాలి. గాలి వస్తుంటే డయాఫ్రమ్‌లోనో, ఎగ్జాస్ట్ వాల్వ్‌లోనో, బాడీలోనో ఎక్కడో సందుంది. నీళ్లలో అదే సందులోంచి నీరు నోట్లోకి వస్తుంది.

2. ఐపీ టెస్ట్. బీసీడీ జాకెట్‌కి గాలి వెళ్లే హోస్ చివర గుచ్చే చిన్న గేజ్ ఇది. విదేశీ సైట్లలో 30 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతుంది. సెకండ్ స్టేజ్ బిగించి ఉన్నప్పుడే ఈ టెస్ట్ చేయాలి, ఎందుకంటే ప్రెషర్ అదుపు తప్పితే గాలి బయటికి పోయే సేఫ్టీ దారి అదే. సిలిండర్ వాల్వ్ మెల్లగా తెరవండి, గేజ్ అద్దం మొహానికి ఎదురుగా పెట్టుకోకండి. పర్జ్ బటన్ చాలాసార్లు నొక్కి వదలండి. ముల్లు కిందికి పడి వెంటనే అదే అంకె మీదికి వచ్చి ఆగాలి. తర్వాత పది నిమిషాలు వదిలేసి చూడండి. ఆగకుండా పాకుతుంటే హై ప్రెషర్ సీట్ పని అయిపోయినట్టే. ఎంకే2 లాంటి అన్‌బ్యాలెన్స్‌డ్ పిస్టన్ అయితే సిలిండర్ ఖాళీ అయ్యేకొద్దీ ఐపీ కొంచెం తగ్గుతుంది, అది దాని డిజైన్. అందుకే నేను నిండు సిలిండర్‌తో ఒకసారి, 50 బార్ ఉన్న సిలిండర్‌తో ఒకసారి కొలిచి రెండూ రాసుకుంటాను.

3. గిన్నె టెస్ట్. గాలి తెరిచి ఉన్న సెకండ్ స్టేజ్‌ని మౌత్‌పీస్ పైకి ఉండేలా పట్టుకుని గిన్నెడు నీళ్లలో మెల్లగా దించండి. ఎక్కడ బుస్సుమని మొదలవుతుందో, అక్కడ నీటి మట్టం నుంచి లోపలి డయాఫ్రమ్ దాకా ఉన్న లోతే దాని క్రాకింగ్ ఎఫర్ట్. మంచి సెకండ్ స్టేజ్‌కి ఇది 3 సెంటీమీటర్ల చుట్టూ ఉంటుంది. స్కేలు చాలు, ల్యాబ్ అక్కర్లేదు.

4. బుడగల టెస్ట్. గాలి తెరిచి సెట్ మొత్తం టబ్బులో ముంచండి. గ్యాస్ సిలిండర్ మార్చాక సబ్బు నీళ్లు వేసి చూస్తామే, అదే పని. ఎక్కడ బుడగ వస్తుందో అక్కడే జబ్బు.

5. ఫిల్టర్ చూపు. ఫస్ట్ స్టేజ్ మూతిలో కనిపించే చిన్న జల్లెడ లాంటి ఫిల్టర్‌ని టార్చ్ వేసి చూడండి. పచ్చగా ఉంటే లోపలికి ఉప్పునీరు వెళ్లి ఇత్తడికి చిలుము పట్టింది. ఎర్రగా, గోధుమ రంగుగా ఉంటే స్టీల్ సిలిండర్ లోపలి తుప్పు. నల్లటి పొడి ఉంటే గాలి నింపే కంప్రెసర్ వైపు అనుమానించాలి.

ఈ ఐదింటి ఫలితాలు ఫోన్ నోట్స్‌లో తేదీతో రాసుకోండి. మూడు ట్రిప్పులు గడిచేసరికి మీ రెగ్యులేటర్ గురించి మీకు తెలిసినంత ఏ షాపుకీ తెలియదు. సర్వీస్ ఎప్పుడు అవసరమో క్యాలెండర్ కంటే ముందు నంబర్లే చెప్తాయి.

విప్పాలని డిసైడ్ అయితే

ఐదు టెస్టులూ చేతికి అలవాటయ్యాకే స్పానర్ సంగతి. మొదటిసారి మీ అసలు రెగ్యులేటర్ మీద చేయొద్దు. పాతది, ఇక ఎవరూ డైవ్ చేయనిది ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో సంపాదించి దాన్ని పదిసార్లు విప్పి బిగించండి. నేను అలాగే నేర్చుకున్నాను. చదవడానికి రెండు పుస్తకాలు చెప్తాను. వాన్స్ హార్లో రాసిన "స్కూబా రెగ్యులేటర్ మెయింటెనెన్స్ అండ్ రిపేర్", పీట్ వోల్ఫింగర్ రాసిన "రెగ్యులేటర్ సావీ". ఏ స్క్రూ ఎటు తిప్పాలి అన్నదానికంటే ఎందుకు తిప్పాలి అన్నది వీటిలో బాగా అర్థమవుతుంది.

పని మొత్తంలో అసలు శత్రువు గీత. ఓ-రింగ్ కూర్చునే గాడి మీదో, సీట్‌ని తాకే అంచు మీదో స్టీల్ పిన్నుతో వెంట్రుకంత గీత పడితే ఎన్ని కొత్త ఓ-రింగులు వేసినా లీక్ ఆగదు. అందుకే ఓ-రింగులు తీయడానికి ఇత్తడి లేదా ప్లాస్టిక్ పిక్ వాడాలి. వైస్‌లో బిగించేటప్పుడు మెత్తటి దవడలు ఉండాలి. చిలుము పోవడానికి తెల్ల వెనిగర్, నీళ్లు కలిపి అల్ట్రాసోనిక్ క్లీనర్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే చాలు, తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. నీళ్లలో పడ్డ ఫోన్ బోర్డుల కోసం మన జగదీష్ మార్కెట్ లాంటి చోట రిపేర్ బల్లల మీద కనిపించే అల్ట్రాసోనిక్ డబ్బా లాంటిదే ఇదీ.

గ్రీజు విషయంలో మాత్రం ప్రయోగాలు వద్దు. వంటింటి కొబ్బరినూనె, వాజ్‌లైన్, డబ్ల్యూడీ-40 ఏవీ దీని దగ్గరికి రాకూడదు. ఆక్సిజన్ శాతం ఎక్కువున్న గ్యాస్ హై ప్రెషర్‌తో దూసుకొచ్చినప్పుడు అలాంటి నూనెలు మండుకోగలవు. క్రిస్టోలూబ్ లాంటి ఆక్సిజన్‌కి పనికొచ్చే గ్రీజు చిన్న ట్యూబ్ కొనుక్కోండి. ఏళ్లు వస్తుంది, ఎందుకంటే ఓ-రింగ్ మెరిసేంత పూస్తే చాలు.

ఓ-రింగులు ఇండస్ట్రియల్ షాపులో అదే సైజువి దొరుకుతాయి నిజమే. కానీ సైజు ఒక్కటే సరిపోదు. రబ్బరు రకం, గట్టిదనం కూడా సరిపోవాలి. కుక్కర్‌కి వేరే కంపెనీ గాస్కెట్ వేసి ఆవిరి లీక్ అయితే పప్పు ఉడకదు, అంతే. ఇక్కడ ఆ సర్దుబాటు కుదరదు. సీట్లు మాత్రం ఆ మోడల్ ఒరిజినల్ కిట్‌వే వేయాలి. కిట్ దొరకకపోతే విప్పొద్దు.

మన నగరాల్లో ఒక ప్రాక్టికల్ ఇబ్బంది ఉంది. విప్పడం, బిగించడం ఇంట్లో చేయొచ్చు, కానీ నిండు సిలిండర్ లేకుండా టెస్ట్ చేయలేం. సిలిండర్ సొంతంగా ఉన్న డైవర్లు మన దగ్గర తక్కువ. కాబట్టి ట్రిప్‌కి ఒకరోజు ముందే చేరుకుని, డైవ్ సెంటర్‌ని అడిగి అరగంట సిలిండర్ ముందు కూర్చోవాలి. నంబర్లు సరిగ్గా రాకపోతే అద్దె సెట్‌తో దిగాలి. "ఇంతదూరం వచ్చాం కదా" అన్న మాట ఆ పూట మన నోట్లోంచి రాకూడదు.

నేను గీసుకున్న గీతలు

నా సెట్ ఒక్కటే నేను చేసుకుంటాను. ఫ్రెండ్స్ అడిగినా వాళ్లది ముట్టుకోను. నేను సర్వీస్ చేసుకున్న సంగతి బడ్డీకి ముందే చెప్తాను, నోట్స్‌లో ఉన్న నంబర్లు చూపిస్తాను. నా ఆక్టోపస్ వద్దనే హక్కు అతనికి ఉంది.

ఫస్ట్ స్టేజ్, సెకండ్ స్టేజ్, ఆక్టోపస్ అన్నీ ఒకే రోజు విప్పను. ఒకటి విప్పి, బిగించి, కొలిచి, డైవ్ చేశాకే ఇంకోటి. ఫ్లైట్ 855లో మూడు ఇంజన్లకీ ఒకేసారి ఒకే తప్పు జరిగింది. మనకి ఇంజన్లు అన్ని కూడా లేవు. సర్వీస్ తర్వాత మొదటి డైవ్ స్విమ్మింగ్ పూల్‌లోనో, నిలబడితే తల బయటికి వచ్చే లోతులోనో చేస్తాను. 30 మీటర్ల దగ్గర చుట్టూ ప్రెషర్ 4 బార్ ఉంటుంది, ప్రతి ఊపిరికీ ఒడ్డున ఖర్చయ్యే గాలికి నాలుగు రెట్లు పోతుంది. అక్కడ రెగ్యులేటర్ ఆగకుండా గాలి వదలడం మొదలుపెడితే సిలిండర్ కొన్ని నిమిషాల్లోనే ఖాళీ అవుతుంది. కొత్తగా బిగించిన యంత్రాన్ని పరీక్షించే చోటు అది కాదు.

సిలిండర్‌ని, దాని వాల్వ్‌ని విప్పను. దానికి హైడ్రో టెస్ట్, గుర్తింపు ఉన్న టెస్టింగ్ కేంద్రాలు అని వేరే లోకం ఉంది. 40 శాతం కంటే ఎక్కువ ఆక్సిజన్ వాడే రెగ్యులేటర్లు, రీబ్రీతర్లు కూడా నా బల్ల మీదికి రావు.

ఇదంతా డబ్బు ఆదా కోసం చేస్తున్నారా అని అడుగుతారు. కాదు. టూల్స్, గేజ్, గ్రీజు, ప్రాక్టీస్ రెగ్యులేటర్ అన్నీ లెక్కేస్తే, ఏడాదికి పది పదిహేను డైవ్‌లు చేసేవాడికి షాపు సర్వీసే చవక. ఆదా కోసం మొదలుపెట్టినవాడు ఏదో ఒక చోట మూలలు కత్తిరిస్తాడు. ఆ మూల ఓ-రింగ్ దగ్గర రాకూడదు.

కంపెనీలకీ, షాపులకీ ఒక మాట

పార్ట్స్ దాచితే ప్రమాదం ఆగదు. ఆసక్తి ఉన్నవాడు ఎలాగూ విప్పుతాడు. ఒరిజినల్ కిట్ దొరక్క ఏదో ఓ-రింగ్ వేస్తాడు, మాన్యువల్ లేక వీడియో చూసి ఊహించుకుంటాడు. అమెరికాలో హాగ్, డీప్ 6 లాంటి చిన్న బ్రాండ్లు డైవర్లకి సర్వీస్ క్లాసు చెప్పి, తర్వాత పార్ట్స్ అమ్మే దారి ఎంచుకున్నాయి. నాకు ఇది సరైన మధ్యేమార్గం అనిపిస్తుంది. క్లాసు పెట్టండి, పరీక్ష పెట్టండి, పాసైనవాడికి కిట్ అమ్మండి, బులెటిన్లు మెయిల్ చేయండి.

షాపులవాళ్లని అడిగేది ఇంకా చిన్నది. ట్యాగ్ మీద నాలుగు లైన్లు రాయండి. నిండు సిలిండర్‌తో ఐపీ, పది నిమిషాల తర్వాత ఐపీ, క్రాకింగ్ ఎఫర్ట్, మార్చిన పార్టులు. పాత పార్టులు కవర్లో వేసి తిరిగివ్వండి. బైక్ మెకానిక్ పాత బ్రేక్ ప్యాడ్ చేతికిచ్చి చూపించినంత మర్యాద చాలు.

వెర్డిక్ట్

ఏడాదికి ఒకట్రెండు ట్రిప్పులు వెళ్లేవాళ్లు: విప్పొద్దు. గేజ్ కొనండి, ఐదు టెస్టులు నేర్చుకోండి, షాపుని నంబర్లు అడగండి.

తరచుగా డైవ్ చేస్తూ, చేతిపని మీద ఓపిక ఉండి, ఒరిజినల్ కిట్ దొరికే మోడల్ ఉన్నవాళ్లు: నేర్చుకుని చేసుకోవచ్చు. సింపుల్ పిస్టన్ ఫస్ట్ స్టేజ్‌తో మొదలుపెట్టండి. తొందర వద్దు.

"యూట్యూబ్‌లో చూశా, ఈ వీకెండ్ ట్రిప్ ఉంది, ఇవాళ రాత్రికి చేసేస్తా" అనేవాళ్లు: దయచేసి ఆ స్పానర్ కింద పెట్టండి.

ఇప్పటికే సొంత రెగ్యులేటర్ ఉన్నవాళ్లు ఈ వారం ఒక పని చేయండి. దాన్ని బ్యాగులోంచి తీసి, డస్ట్ క్యాప్ బిగించి, మౌత్‌పీస్‌లోంచి ఒకసారి గాలి లాగి చూడండి. పైసా ఖర్చు లేదు, పది సెకన్లు పడుతుంది. గాలి వచ్చిందంటే తర్వాతి డైవ్‌కి ముందే మీకు ఒక విషయం తెలిసినట్టు.